పదో తరగతి నుంచి పెళ్లి దాకా: బషీర్‌బాగ్ చుట్టూ దళిత ఆడపిల్లల మీద ఒత్తిళ్లు

బషీర్‌బాగ్‌లో బాబూ జగ్జీవన్ రామ్ విగ్రహం ఉంది. ఏటా ఏప్రిల్ 5న మంత్రులు, నాయకులు వచ్చి దండలేసి పోతుంటారు. ఆ విగ్రహం దగ్గర నిలబడితే చదువుకునే ఆడపిల్ల బతుకును అటో ఇటో తేల్చే సంస్థలన్నీ రెండు రెండున్నర కిలోమీటర్ల లోపే ఉంటాయి. పక్కనే నిజాం కాలేజీ. గన్‌ఫౌండ్రీలో మహబూబియా బాలికల పాఠశాల. చాపెల్ రోడ్డులో స్టాన్లీ గర్ల్స్ హైస్కూల్. నాంపల్లిలో ఇంటర్మీడియట్ బోర్డు, అక్కడే క్రిమినల్ కోర్టులు. సైఫాబాద్ హాకా భవన్‌లో పోలీసుల భరోసా కేంద్రం. దానికెదురుగా శాసనసభ. ఇక మన సంఘాలన్నీ రౌండ్ టేబుళ్లు పెట్టే బషీర్‌బాగ్ ప్రెస్ క్లబ్ సరేసరి.

టీనేజ్ ఒత్తిళ్లు అనగానే పత్రికల ఫ్యామిలీ పేజీల్లో మార్కులు, మొటిమలు, సెల్‌ఫోన్, స్నేహాల గురించి రాస్తారు. అవి మన పిల్లలకూ ఉన్నాయి. మా బాధల్లా ఆ రాతల్లో కనబడే అమ్మాయికి కులం ఉండదన్నదే. ఆమెకు సొంత గది ఉంటుంది, తలుపు వేసుకుని ఏడుస్తుంది, తల్లి ఆ తలుపు కొడుతుంది. ఒకే గదిలో అయిదుగురుండే బస్తీ ఇంట్లో ఏడవడానికి తలుపు కూడా ఉండదు. నగరంలో దళిత ఆడపిల్లల మీద పడే ఒత్తిళ్లేమిటి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, చట్టం ఎంతవరకు అండగా ఉంది అన్నది మేము ఇక్కడ ఒకచోట చేర్చి చెబుతున్నాం.

రెండు బడులు

1907లో మహబూబియా మొదలైంది. నవాబుల, జాగీర్దార్ల ఇళ్ల ఆడపిల్లలు పరదా తప్పకుండా ఇంగ్లిష్ చదువు చదవడానికి పెట్టిన బడి అది. మూడేళ్ల తర్వాత, అక్కడికి రెండు మైళ్లు కూడా లేని ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లల కోసం బడి తెరిచారు. లింగంపల్లిలో మరొకటి పెట్టారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ బడులు 26 అయ్యాయి. ఒకే ఊరు, ఒకే దశాబ్దం. ఒకచోట పిల్ల బయటికి కనబడకుండా చదవాలి. మరోచోట పిల్లను ముందు బడి గడప దాటనివ్వాలి.

భాగ్యరెడ్డి వర్మ బడులతో ఆగలేదు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్యసంఘం పెట్టి ఆయన ఎత్తుకున్న పనుల్లో బాల్యవివాహాలను ఆపడం, జోగిని, మురళి ఆచారాలను మాన్పించడం ముఖ్యమైనవి. ఆడపిల్లను దేవతకు వదిలే ఆచారం మీద పోరాటం మన ఉద్యమానికి తర్వాత అతికించిన అంశం కాదు, మొదటి మెట్టే అది. ఈ మాట ఎందుకంటున్నామంటే, ఇప్పుడు ఆడపిల్లల విషయం తీస్తే ‘అది మహిళా సంఘాలు చూసుకుంటాయి’ అనే నాయకులు మనలోనే ఉన్నారు.

అదే కాలపు మరో జీవితం ఈశ్వరీబాయిది. 1918లో సికింద్రాబాద్‌లో పుట్టిన ఆమెకు పదమూడో ఏట పెళ్లి చేశారు. శారదా చట్టం 1929లోనే అమ్మాయి పెళ్లి వయసును 14గా పెట్టింది గానీ అది బ్రిటిష్ ఇండియాకే, నిజాం రాజ్యానికి కాదు. ఆ కాపురం నిలవలేదు. బిడ్డతో పుట్టింటికి వచ్చిన ఆమె టీచరుగా పనిచేశారు. మునిసిపల్ కౌన్సిలర్ అయ్యారు. 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యేగా శాసనసభకు వెళ్లారు. బొల్లారంలో మెహతర్ కుటుంబంలో 1928లో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి చదువుకుని మంత్రి అయ్యారు, డిప్యూటీ స్పీకర్ అయ్యారు. ఆమె బతుకు కథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో పుస్తకం చేశారు. ఈ ఇద్దరి ఫొటోలూ మన సభల ఫ్లెక్సీల్లో ఉంటాయి. వాళ్లు పదిహేనేళ్ల వయసులో ఏం ఎదుర్కొన్నారో మాత్రం వక్తలు ఎవరూ చెప్పరు.

తెల్లవారుజామున మొదలయ్యే రోజు

నగరంలో రోడ్లు ఊడ్చే కార్మికుల్లో ఎక్కువమంది దళిత మహిళలు. ఊరు లేవకముందే వాళ్ల పని మొదలవుతుంది. తల్లి చీకటితో వెళ్తే పొయ్యి ముట్టించేది పెద్దబిడ్డ. నీళ్లు పట్టడం, తమ్ముడికి టిఫిన్ పెట్టడం, చెల్లెకు జడ వేయడం అయ్యాక ఆమె బడికి పోవాలి. మొదటి పీరియడ్‌కు ఆలస్యమైతే టీచర్ గుమ్మం బయట నిలబెడుతుంది. ఇంటి పని చేసే అమ్మాయిని అందరూ మెచ్చుకుంటారు కాబట్టి దీన్ని ఎవరూ ఒత్తిడి అనరు. ‘పెద్దపిల్ల, తల్లికి చేదోడు’ అంటారు. పదో తరగతిలో ఆ చేదోడే హాజరు శాతాన్ని తినేస్తుంది.

ఒంట్లో సత్తువ సంగతి కూడా చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. తరగతిలో నిద్రపోయే అమ్మాయిని ‘బద్ధకం’ అనే ముందు ఈ లెక్క చూడాలి.

పెద్దమనిషి అయినాక

పిల్ల పెద్దమనిషి అయిందంటే ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఆమెను బయటికి పోనివ్వరు. ఆమె సంగతి మాత్రం బస్తీ అంతటికీ చాటుతారు. ఇంతకుముందు ఇంటి ముందర ముత్తయిదువలు కూర్చుని చేసే చిన్న వేడుక ఇప్పుడు హాఫ్ శారీ ఫంక్షన్ అయింది. ఫంక్షన్ హాలు, స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీ, ఫొటోషూట్, డీజే, వీధి మొగదల ఫ్లెక్సీ, అన్నీ కావాలి. చిట్టీ ఎత్తో, వడ్డీకి తెచ్చో చేస్తారు. ఆ అప్పు తీరేది పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో. సరిగ్గా అప్పుడే ఫీజు కట్టాలి.

దీన్ని వెక్కిరించడం తేలిక. మేము వెక్కిరించదలచుకోలేదు. మంచి బట్ట కట్టినందుకు, మేళతాళాలతో ఊరి నడుమ నుంచి ఊరేగినందుకు దెబ్బలు తిన్న తరాలు మనవి. తన బిడ్డను పట్టు ఓణీలో కూర్చోబెట్టి నలుగురికి భోజనం పెట్టాలనుకునే తల్లికి అది గౌరవం. అయితే ఆ గౌరవం ఏ సందర్భానికి దక్కుతుందో కూడా చూడాలి. పిల్లకు పదిలో మంచి మార్కులు వస్తే మిఠాయి డబ్బాతో సరి. రజస్వల అయితే మూడు వందల మందికి భోజనం. ‘పిల్ల పెళ్లికి ఈడైంది’ అని లోకానికి చెప్పే ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో ఉంటుంది, ఆ మాట చెప్పాలో వద్దో ఆమెను ఎవరూ అడిగి ఉండరు. మర్నాటి నుంచి వీధిలో పోరగాళ్ల చూపు మారుతుంది. ఆ చూపును చూపించి తండ్రి ట్యూషన్ మాన్పిస్తాడు.

ఈ చూపుకు మరో కొస జోగిని వ్యవస్థ. నిజామాబాద్, పాలమూరు ప్రాంతాల్లో దళిత ఆడపిల్లను ఈడేరకముందే ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి, ఈడేరాక ఊరి పెద్దకులాల మగవాళ్ల పాలు చేసేవారు. నిజామాబాద్ జిల్లా వర్నిలో హేమలత లవణం 1980ల నుంచి జోగినుల పునరావాసానికి పనిచేశారు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో, దళిత స్త్రీని దేవతకు వదలడం, దాన్ని ప్రోత్సహించడం సెక్షన్ 3(1)(కె) కింద అత్యాచార నేరమైంది. జోగిని తల్లుల పిల్లలు బడి ఫారంలో ‘తండ్రి పేరు’ గడి దగ్గర ఆగిపోయిన కాలం ఎప్పుడో పోలేదు. గోగు శ్యామల కథల్లో ఒకదాంట్లో, కూతుర్ని జోగినిని చేయాలన్న ఊరి పెత్తందార్లను కాదని తండ్రి ఆ పిల్లను తీసుకుపోయి హాస్టల్లో వేస్తాడు. మన ఇళ్లలో ఎందరికో హాస్టల్ అంటే అదే. చదువు సంగతి తర్వాత, ముందు ఊరి నుంచి తప్పించుకునే దారి.

హాస్టల్ గది

నిజాం కాలేజీ 1887 నాటిది. ఇంత పాత కాలేజీలో డిగ్రీ చదివే అమ్మాయిలు హాస్టల్ కోసం 2022 నవంబర్‌లో బషీర్‌బాగ్‌లో ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. కొత్తగా కట్టిన హాస్టల్ భవనాన్ని పీజీ విద్యార్థినులకు ఇస్తామన్నారు. మాకెక్కడ అని డిగ్రీ అమ్మాయిలు అడిగారు. రోజుల తరబడి తరగతులు వదిలి కూర్చున్నారు. అప్పటి మంత్రి కేటీఆర్, విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి కల్పించుకున్నారు. ముందు సగం సగం అన్నారు. అమ్మాయిలు ఒప్పుకోలేదు. చివరికి డిగ్రీ వాళ్లకే ఇస్తామని ప్రకటించక తప్పలేదు. డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయికి పదిహేడు, పద్దెనిమిది ఏళ్లుంటాయి. టీనేజ్ అమ్మాయిలు తమంతట తాము గెలుచుకున్న పోరాటం కింద మేము దీన్ని లెక్కేస్తాం.

మంచం ఒక్కటి దొరక్కపోతే ఏమవుతుందో జిల్లాల నుంచి వచ్చిన వాళ్లకు తెలుసు. ప్రైవేటు హాస్టళ్లున్నాయి, నారాయణగూడ, హిమాయత్‌నగర్ గల్లీల నిండా బోర్డులే. నెల అద్దె ఒక కష్టం. రూమ్ తీసుకుందామంటే ఇంటి ఓనరమ్మ ‘మీరేమోళ్లు?’ అని అడుగుతుంది. కొంచెం చదువుకున్న ఓనర్ అయితే ఇంటిపేరు అడుగుతుంది, లేదా ‘వెజ్ ఓన్లీ’ అని బోర్డు పెడుతుంది. ఆ మూడు ప్రశ్నలూ ఒకటే ప్రశ్న. పదిహేడేళ్లకు అబద్ధపు ఇంటిపేరు చెప్పడం నేర్చుకున్న అమ్మాయిలు ఈ నగరంలో ఉన్నారు. ఆ అబద్ధాన్ని మూడేళ్లపాటు కాపాడుకోవడానికి పట్టే శ్రమను ఏ కౌన్సెలింగ్ పుస్తకమూ ఒత్తిడి జాబితాలో రాయలేదు. స్నేహితురాలిని ఇంటికి పిలవకూడదు. అమ్మ కాలేజీకి రాకూడదు. స్కాలర్‌షిప్ పనికి ఆఫీసుకు పోయేటప్పుడు ఒక్కతే పోవాలి. క్లాసులో ‘ఎస్సీ స్టూడెంట్స్ నిలబడండి’ అని పిలిచారంటే అన్నాళ్ల కష్టమూ ఆ ఒక్క నిమిషంలో పోయినట్టే.

సర్కారు గురుకులాల మేలు తక్కువ కాదు. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. 2016లో మహిళల కోసం 30 గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాయి. ఇంటర్‌తోనే పెళ్లి పీటల మీద కూర్చోవలసిన అమ్మాయిలు ఎందరో వాటివల్ల మూడేళ్లు గెలిచారు. ఇదంతా చెప్పి, రెండో వైపు చెప్పకపోతే మోసం. 2024 నవంబర్ దాకా ఎనిమిది నుంచి పది చదివే హాస్టల్ అమ్మాయికి సబ్బు, నూనె, ప్యాడ్ల ఖర్చుకని నెలకు ఇచ్చింది 75 రూపాయలు. అంతకన్నా చిన్న తరగతుల వాళ్లకు 55. ఆ తర్వాత 275, 175 చేశారు. డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. అన్నేళ్లు 75 రూపాయలతో నెల ఎలా గడిచిందో పెంచినవాళ్లు గానీ పెంచనివాళ్లు గానీ చెప్పరు. 2024 ఫిబ్రవరిలో భువనగిరి ఎస్సీ బాలికల హాస్టల్లో పదో తరగతి చదివే ఇద్దరు అమ్మాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తాము చేయని తప్పును అంటగట్టారని వాళ్లు రాసిపెట్టిన చీటీ గురించి పత్రికలన్నీ రాశాయి. పిల్ల చెప్పేది కూర్చుని వినే మనిషి ప్రతి హాస్టల్లో ఒకరుండాలన్న డిమాండ్ డైట్ చార్జీలంత గట్టిగా మన సంఘాల వినతిపత్రాల్లోకి ఇంకా ఎక్కలేదు.

నాంపల్లిలో మార్కులు

ఇంటర్ బోర్డు ముందు 2019 ఏప్రిల్‌లో జరిగిన ఆందోళన గుర్తుండే ఉంటుంది. ఫలితాల్లో తప్పులు దొర్లాయి. రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి మళ్లీ దిద్దితే 99 వచ్చాయి. ఆ మెమో చూసి ఇంట్లో ‘చదువు రాదు, సంబంధం చూద్దాం’ అనుకునే ఇళ్లు ఎన్నో ఆలోచించండి. అబ్బాయి ఫెయిలైతే సప్లిమెంటరీ రాస్తాడు. అమ్మాయి ఫెయిలైతే అత్తగారిల్లు చూస్తారు.

పాసైనా దారి సాఫీగా లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సర్కారు కాలేజీలకు కట్టకపోతే, కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపుతాయి. సర్టిఫికెట్ లేకపోతే పై చదువు లేదు, ఉద్యోగం లేదు. ఇంట్లో ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లకు సంబంధాలు మాత్రం వస్తూనే ఉంటాయి.

ఇక్కడే కల్యాణలక్ష్మి గురించి ఒక మాట. 2014 అక్టోబర్ 2న దళిత, గిరిజన అమ్మాయిల కోసం 51 వేలతో మొదలైన ఈ పథకం తర్వాత మిగతావాళ్లకూ విస్తరించి 2018 నాటికి 1,00,116 రూపాయలు అయింది. అమ్మాయికి 18 నిండాలన్న షరతు వల్ల పెళ్లిళ్లు కొన్ని ఆగిన మాట నిజం. ఆ షరతు పద్దెనిమిదో పుట్టినరోజునే పెళ్లి తేదీగా మార్చిందన్నదీ నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన కల్యాణమస్తులో వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్నారు. తెలంగాణలో ఆ పాటి చదువు షరతు కూడా లేదు. ఆడపిల్ల జీవితంలో సర్కారు ఒక్కసారిగా లక్ష ఇచ్చే సందర్భం ఏదంటే పెళ్లి. దీన్ని మేము తప్పుబడతాం. ఆ లక్ష ఆమె డిగ్రీ అయ్యాక ఆమె ఖాతాలో పడితే ఎన్ని ఇళ్లలో లెక్కలు మారతాయో ఏ తల్లిని అడిగినా చెబుతుంది. సర్వే లెక్కల్లో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

రంగు, ఫోన్, ప్రేమ

‘నల్లపిల్ల’ అనే మాట పెళ్లిచూపుల్లో కట్నం లెక్కగా, తరగతిలో కులం ఆనవాలుగా పనిచేస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది, ట్యూబు రంగు కూడా పెద్దగా మారలేదు. అదే ఏడాది వచ్చిన ‘కలర్ ఫొటో’ నల్లగా ఉన్న అబ్బాయి ప్రేమ కథ చెప్పి జాతీయ అవార్డు తెచ్చుకుంది. అందులోనూ అమ్మాయి తెల్లగానే ఉంటుంది. ఇక రీల్స్‌లో ఫిల్టర్ వేస్తే ఎవరైనా తెల్లబడొచ్చు, బడికి వెళ్లేటప్పుడు ఫిల్టర్ ఉండదు.

ఫోన్ గురించి తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టింది కాదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపారు. చదువుకునే రోజుల్లో మొదలైన ప్రేమ అది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద నాగరాజును చంపారు. ఈ వార్తల తర్వాత దళిత తల్లి కొడుకు ఫోన్ కూడా చూస్తోంది, కూతురిదైతే లాక్కుంటోంది. తేడా ఏమిటంటే, కొడుకు విషయంలో ప్రాణభయం. కూతురి విషయంలో ప్రాణభయానికి తోడు, పెద్దకులం పిల్లాడు పెళ్లి చేసుకుంటానని తిప్పి వదిలేస్తాడన్న భయం. ఆ రెండో భయానికి ఆధారాలు ఏ పోలీస్ స్టేషన్లో అడిగినా దొరుకుతాయి. అలాంటి కేసుల్లో ‘రాజీ చేసుకోండి’ అని మొదట అనేది ఎదుటివాళ్లే కాదు, మన కులపెద్దలు కూడా అంటారు.

పోక్సో చట్టం (2012) 18 ఏళ్ల లోపు వాళ్ల సమ్మతిని సమ్మతిగా చూడదు. పిల్లల మీద దాడి చేసినవాళ్లకు ఈ కఠినత్వం ఉండాల్సిందే. పదిహేడేళ్ల పెద్దకులపు అమ్మాయి పంతొమ్మిదేళ్ల దళిత అబ్బాయితో వెళ్లిపోతే, అమ్మాయి తండ్రి చేతిలో అదే చట్టం కులం కర్ర అవుతుంది. అబ్బాయి జైలుకు, అమ్మాయి హోమ్‌కు పోతారు. అదే పదిహేడేళ్ల దళిత అమ్మాయి ఫిర్యాదు తెస్తే మాత్రం ఎఫ్ఐఆర్ కోసం స్టేషన్ ముందు కూర్చోవాలి. చట్టం ఒకటే, దాని వేగం ఎవరి బిడ్డ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చేతిలో ఉండాల్సినవి

2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద 18 లోపు అమ్మాయి పెళ్లి చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉంటుంది. పెళ్లి జరిగిపోయినా ఆ అమ్మాయి మేజర్ అయిన రెండేళ్ల లోపు కోర్టుకు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 18 లోపు భార్యతో శారీరక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబర్ 11న తీర్పు చెప్పింది.

పెళ్లి ఆపాలంటే 1098కి ఫోన్ చేయొచ్చు, చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. మహిళలకు 181, పోలీసుకు 100 లేదా 112, కుల దాడులకు 14566, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416. ఇవన్నీ డబ్బులు పడని నంబర్లే. హాకా భవన్‌లోని భరోసా కేంద్రం 2016 నుంచి పనిచేస్తోంది. అక్కడ వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం ఒకేచోట అవుతాయి. పిల్లల కోసం ప్రత్యేక కోర్టు కూడా 2018లో అక్కడే తెరిచారు. ఎదుటివాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే పోక్సోతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు కూడా ఎఫ్ఐఆర్‌లో రాయమని మొదటి రోజే అడగాలి. బాధితులకు పరిహారం, రక్షణ, ప్రయాణ ఖర్చులు ఆ చట్టం కిందే వస్తాయి.

ఈ కేసులన్నిట్లో మొదట తేలాల్సింది వయసు. ‘పిల్లకు పందొమ్మిదేళ్లు’ అని ఎదుటివాళ్లు ఆధార్ కార్డు చూపిస్తారు. బాల న్యాయ చట్టం సెక్షన్ 94 ప్రకారం మొదట చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే మునిసిపల్ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. అందుకని మెమో బీరువాలో నాన్న సంతకాల కాగితాల కింద పడి ఉంటే సరిపోదు. దాని జిరాక్స్ ఒకటి అమ్మాయి దగ్గర, ఇంకొకటి ఆమె నమ్మే టీచర్ దగ్గరో మేనత్త దగ్గరో ఉంచాలి.